ఉసిరికాయలో గెడ్డ దాచిన తీపి

ఒకప్పుడు నీళ్ళు తియ్యగా ఉండేవి. నిజం! బెల్లమంత తీపి కాదులెండి, లేత కొబ్బరినీళ్ళంత తీపి. వాన పడితే చాలు, పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఆకాశంకేసి నిలబడిపోయేవాళ్ళు. పొద్దున నింపిన కుండ మధ్యాహ్నానికి ఖాళీ అయిపోయేది.

ఉసిరికాయ మాత్రం అప్పుడూ ఇంతే. ఒకటే పులుపు, ఒకటే వగరు. కొరికితే దవడలు జివ్వుమనేవి. తిన్నాక కూడా పొద్దుగూకేదాకా నోట్లో ఆ వగరు వదిలేది కాదు. కోతులు తినేవి, జింకలు తినేవి. మనుషులు మాత్రం దాన్ని ముట్టేవాళ్ళు కాదు.

ఆ రోజుల్లో ఒక కొండ కింద బెల్లం వండేవాళ్ళ ఊరుండేది. ఊరి పక్కన గెడ్డ పారేది. గెడ్డ అంటే తెలుసుగా? కొండ మీంచి గలగలా దిగి వచ్చే వాగు. చలికాలం వచ్చిందంటే ఆ ఊళ్ళో ఒకటే సందడి! చెరుకు నరికేవాళ్ళు కొందరు, గానుగ ఆడించేవాళ్ళు కొందరు, పెద్ద పెద్ద పెనాల్లో రసం కాచేవాళ్ళు కొందరు. ఊరంతా కమ్మటి వాసన కొట్టేది.

అక్కడ దాలమ్మ అని ఒక ముసలావిడ ఉండేది. బెల్లం వండడంలో ఆమె తర్వాతే ఎవరైనా. ఉడుకుతున్న పాకం చుక్క నీళ్ళలో వేసి, వేళ్ళతో నలిపి చూసి, "ఇంక దింపండర్రా!" అని కేక పెట్టిందంటే దింపాల్సిందే. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఊరుకునేది కాదు. నోరు పెద్దది గానీ మనసు వెన్న.

ఆమెకి ఒక మనవరాలు. పేరు సీతాలు. ఎనిమిదేళ్ళ పిల్ల. దానికి కాలు ఒకచోట నిలిచేది కాదు. పొద్దున్న లేవడం, గెడ్డలోకి పరిగెత్తడం. గెడ్డ నడిమధ్య ఒక నల్లబండ ఉంది. దానిమీదెక్కి దబ్బున నీళ్ళలోకి దూకేది. "మళ్ళీ దూకు సీతాలూ! ఇంకోసారి! ఇంకోసారి!" అని గెడ్డ గోల చేసేది. వాళ్ళిద్దరికీ అంత స్నేహం.

ఇకపోతే ఆ ఊరివాళ్ళకి ఒక అలవాటుంది. పిల్లలు ఏది వద్దన్నా దానికి బెల్లం తగిలించేవాళ్ళు. అన్నం వద్దా? బెల్లం కలుపు. కూర వద్దా? పోనీ, బెల్లం ముక్క నంజుకో. మందు చేదుగా ఉందా? బెల్లంలో దాచి మింగించు. "నా బెల్లంతో దిగనిది ఈ లోకంలో ఏటుందే?" అనేది దాలమ్మ. అలా అంటున్నప్పుడు ఆమె మొహం చూడాలి మీరు!

ఆ ఏడాది చెరుకు విరగపండింది. మూడు నెలలపాటు పెద్దవాళ్ళకి తల గోక్కునే తీరిక లేదు. పిల్లలకేమో ఆడింది ఆట! పొద్దున్న బెల్లం నురగ, మధ్యాహ్నం వేడివేడి బెల్లం, సాయంత్రం పెనానికి అంటుకున్న మాడుబెల్లం. ఆకుకూర కనబడితే పరుగో పరుగు. కాయా లేదు, పండూ లేదు. నవ్వకండి! మీరైనా అంతే చేసేవాళ్ళు.

ఇంకేముంది? పిల్లలందరికీ జబ్బు పట్టుకుంది. పళ్ళు తోముకుంటే చిగుళ్ళ వెంట నెత్తురు. మోకాళ్ళలో నొప్పులు. నాలుగడుగులేస్తే ఆయాసం. అందరిలోకీ సీతాలుకి మరీ ఎక్కువైంది. ఒకరోజు పొద్దున్నే మంచం దిగబోయి కూలబడిపోయింది.

"మామ్మా, కాళ్ళు నిలబడట్లేదే" అంది.

దాలమ్మ పిల్లని ఎత్తి మళ్ళీ మంచం మీద పడుకోబెట్టింది. పాకం పొయ్యి మీద మాడుతున్నా పట్టించుకోకుండా పెరట్లోకి వెళ్ళి నెత్తి పట్టుకుని కూచుంది.

ఆ పెరట్లోనే ఒక ఉసిరిచెట్టు ఉంది. "దాలమ్మా! ఓ దాలమ్మా!" అని పిలిచింది అది. "ఆ జబ్బు సంగతి నాకు తెలుసు. కోతిపిల్లలకి వస్తే వాటి తల్లులు నా దగ్గరికే తీసుకొస్తాయి. రోజుకి ఒక్క కాయ పెట్టు, చాలు. పిల్ల లేచి గెంతకపోతే నన్నడుగు!"

దాలమ్మకి ప్రాణం లేచొచ్చింది. గబగబా ఒక కాయ కోసి తీసుకెళ్ళి సీతాలు నోట్లో పెట్టింది. సీతాలు ఒక్క కొరుకు కొరికింది. ఒక కన్ను మూసుకుపోయింది. భుజం చెవిదాకా లేచింది. "థూ!" అని ఉమ్మేసింది. ఉసిరికాయ ఎగిరి గడప అవతల పడింది.

"తినీవే, నా తల్లి కదూ!"

"నానొల్లను!"

బతిమాలింది. వినలేదు. కసిరింది. వినలేదు. చివరికి కాళ్ళు బారచాపి, పిల్లని వాటిమీద పడుకోబెట్టి, ముక్కు పట్టుకుని ముక్క నోట్లో కుక్కబోయింది. సీతాలు కటుక్కున వేలు కొరికింది. "ఓలమ్మో!" అని దాలమ్మ పెట్టిన కేకకి పెరట్లో కోళ్ళన్నీ చెట్టెక్కేశాయి.

అప్పుడు దాలమ్మకి తట్టింది. అరె, చేతిలో బెల్లం పెట్టుకుని ఈ అవస్థ ఏమిటి! పరిగెత్తుకుంటూ పెనం దగ్గరికి వెళ్ళింది. ఉసిరికాయల్ని పాకంలో ముంచింది, తీసింది, మళ్ళీ ముంచింది. ఒక్కొక్కటీ లడ్డూ అంత తయారైంది. ఊళ్ళో జబ్బు చేసిన పిల్లలందరినీ పిలిచింది. పిల్లలు వరస కట్టేశారు! ఒక్కొక్కరూ ఒక్కొక్క ఉండ బుగ్గన పెట్టుకుని, "ఊఁ... ఊఁ..." అని తలూపుతూ వెళ్ళిపోయారు. సీతాలు కూడా నవ్వుతూ నోరు తెరిచింది.

"చూశావా?" అంది దాలమ్మ చెట్టుతో. "నా బెల్లంతో దిగనిది లేదు."

ఒకరోజు గడిచింది. నాలుగు రోజులు గడిచాయి. పది రోజులు గడిచాయి. జబ్బు తగ్గలేదు సరికదా, ఇంకా ముదిరింది. సీతాలు తలగడ మీద నెత్తుటి మరకలు. కూచోవాలన్నా ఇద్దరు పట్టుకోవాలి.

దాలమ్మకి దుఃఖం వచ్చింది, దుఃఖంతోపాటు కోపం వచ్చింది. చెరుకు నరికే కత్తి తీసుకుని పెరట్లోకి ఉరికింది. "అబద్ధాలకోరు చెట్టా! నీ కాయలో సత్తువ లేదు! నా పిల్ల నెత్తురోడుతుంటే నువ్విక్కడ పచ్చగా నిలబడతావా? ఉండు, నీ పని చెప్తా!" అంటూ కత్తెత్తింది. చెట్టు ఆకులన్నీ గజగజా వణికాయి.

"ఆగు మామ్మా, ఆగు! దాని తప్పేం లేదు!"

ఎవరబ్బా అని కిందకి చూసింది. చీమలు! బారులు తీరి పోతున్నాయి.

"పది రోజుల నుంచీ మాకు విందు భోజనాలు" అంది ముందున్న చీమ. "ఎక్కడి నుంచి వస్తోందో చూస్తావా? అయితే మా వెనకే రా!"

దాలమ్మ చీమల బారు పట్టుకుని వెళ్ళింది. గోడ పక్క నుంచి, గానుగ వెనక నుంచి, చెరుకు పిప్పి కుప్ప దాకా వెళ్ళింది. కుప్ప వెనక తొంగి చూసి నిలువునా నీరైపోయింది. అక్కడ ఉసిరికాయలు గుట్టగా పడి ఉన్నాయి! బెల్లమంతా నాకేసి ఉంది, అంటుకుని మిగిలిన కాస్తకీ చీమలు మూగి ఉన్నాయి. ఒక్క కాయ మీదా పంటిగాటు లేదు.

పిల్లలు ఎంత గడుసువాళ్ళో చూశారా? బుగ్గన పెట్టుకోవడం, బెల్లం చప్పరించడం, కాయని ఇక్కడ ఉమ్మేయడం. లేవలేని సీతాలేమో తన కాయని పక్కింటి పోలి చేతిలో పెట్టి పంపేది. కాయా కూరా మానేసి బెల్లమే తినబట్టి వచ్చిన జబ్బు కదా, దానికి తోడు రోజూ ఇంకో ముద్ద!

"అయ్యో! నా పిల్లని నా చేత్తోనే పాడుచేసుకున్నానే!" అని దాలమ్మ కత్తి కింద పడేసి భోరుమంది. చెట్టు దగ్గరికి వెళ్ళి మొదలు పట్టుకుని, "తప్పయిపోయిందమ్మా" అంది.

"ఏడ్చే టైము లేదు" అంది చెట్టు. "నా కాయలు బుట్టెడు కోసుకుని గెడ్డ దగ్గరికి పరిగెత్తు. దాని దగ్గర బోలెడంత తీపి ఉంది. నా కాయలకి కొంచెం పెట్టమని అడుగు. వెళ్ళు, వెళ్ళు!"

దాలమ్మ బుట్ట చంకనెత్తుకుని పరిగెత్తింది. ఆ వయసులో ఆ పరుగు చూసి ఊరికుక్కలు కూడా పక్కకి తప్పుకున్నాయి.

దూరం నుంచే గెడ్డ అరిచింది. "దాలమ్మా! నా సీతాలేదీ? ఎన్ని రోజులైందో తెలుసా? బండ ఖాళీగా ఉంది! అలిగిందా నా మీద?"

దాలమ్మ రొప్పుతూ జరిగిందంతా చెప్పింది. చెరుకు కోతలు, జబ్బు, బెల్లం ఉండలు, పిప్పి కుప్ప, ఏదీ దాచలేదు. వింటూ వింటూ గెడ్డ గలగల ఆపేసింది.

"ఆ కాయలు నా నీళ్ళలో వెయ్యి" అంది చివరికి. "నా దగ్గరున్న తీపి అంతా ఇచ్చేస్తాను."

"అంతానా? మరి నీకో?"

"నాకెందుకే తీపి? నన్ను నేను తాగుతానా? నాకు బండ మీంచి దూకే పిల్ల కావాలి!"

దాలమ్మకి కళ్ళనీళ్ళు ఆగలేదు. అయినా బెల్లం వండే చెయ్యి కదా, ఊరుకుంటుందా? "అయితే తల్లీ, కాయ మీద బాగా దట్టంగా పట్టించు. నోట్లో పెట్టగానే తియ్యగా ఉండాల" అంది.

గెడ్డ పగలబడి నవ్వింది. "నువ్వు మారవు కదా దాలమ్మా! పైన పూస్తే ఏమవుతుంది?"

దాలమ్మ తల దించుకుంది. "నాకేసి పారేస్తారు."

"మరి? అందుకే తీపిని లోపల దాచేస్తాను. కాయ నమిలి మింగినవాళ్ళు ఆ తర్వాత గుక్కెడు నీళ్ళు తాగితే అప్పుడు బయటికి వస్తుంది. పులుపు పులుపుగానే ఉంటుంది. వగరు వగరుగానే ఉంటుంది. ఆ సంగతి పిల్లకి ముందే చెప్పాలి నువ్వు."

"చెప్తే తినదేమో!"

"ఒకసారి మోసం చేశావు. ఈసారి నిజం చెప్పి చూడు."

దాలమ్మ బుట్టని గట్టిగా పట్టుకుంది. పుట్టి బుద్ధెరిగాక ఏ పిల్లకీ బెల్లం లేకుండా మందు పెట్టి ఎరగదు. కానీ మంచం మీదున్న సీతాలు గుర్తొచ్చింది. బుట్ట నీళ్ళలోకి ఒంపేసింది.

నీళ్ళు గిర్రున తిరిగాయి! కాయలు మునిగాయి, తేలాయి, నిగనిగలాడాయి. పై ఊళ్ళో చెరువులు, కింది ఊళ్ళో బావులు, ఆకాశంలో మబ్బులు అన్నీ "మేమూ ఇస్తాం! మేమూ ఇస్తాం!" అన్నాయి. అందరూ ఒక వానకి పుట్టినవాళ్ళే కదా. ఆ తీపి అంతా ఊరూరా ఉన్న ఉసిరిచెట్ల కాయల్లోకీ చేరిపోయింది. దాలమ్మ దోసిలితో నీళ్ళు తీసుకుని తాగి చూసింది. చప్పగా ఉన్నాయి. ఉప్పూ లేదు, తీపీ లేదు, ఏ రుచీ లేదు.

ఆమె కాయలన్నీ బుట్టలోకి ఏరుకుని, గట్టు మీదున్న చెంబుతో ఆ చప్పటి నీళ్ళు ముంచుకుని, బుట్ట ఎత్తుకుని ఇంటికి చేరింది. మంచం పక్కన కూచుని రెండు కాయలు చేతిలోకి తీసుకుంది.

"సీతాలూ, ఇదిగో ఉసిరికాయ. బెల్లం పుయ్యలేదు. పుల్లగా ఉంటాది, వగరుగా ఉంటాది. ఇది తినకపోతే నువ్వు లేవలేవే అమ్మా. నాకు భయంగా ఉందే. నీతోపాటు నానూ తింటాను. ఇద్దరం ఒక్కసారే కొరుకుదాం, సరేనా?"

మామ్మ భయపడడం సీతాలు ఎప్పుడూ చూడలేదు. చెయ్యి చాపి కాయ తీసుకుంది.

ఒకటి, రెండు, మూడు! కరుక్! ఇద్దరూ ఒక్కసారే కొరికారు. సీతాలుకి ఒక కన్ను మూసుకుపోయింది. దాలమ్మకి రెండు కళ్ళూ మూసుకుపోయాయి. ఉన్న నాలుగు పళ్ళూ జివ్వుమనేసరికి ముసలావిడ మూతి అష్టవంకరలు తిరిగింది. అది చూసి సీతాలుకి నవ్వాగలేదు. నవ్వుతూ నమిలింది, నమిలి మింగింది, ఇంకో కొరుకు కొరికింది.

"నీళ్ళు! మామ్మా, నీళ్ళు!"

చెంబు ఎత్తి గటగటా తాగింది. ఠక్కున ఆగింది. కళ్ళు ఇంత చేసుకుంది.

"మామ్మా! నీళ్ళలో బెల్లం కలిపావా?"

"ఒట్టు! చిటికెడు కూడా కలపలేదే!"

"మరి తియ్యగా ఉన్నాయేటే!" మళ్ళీ తాగింది. "తియ్యగా ఉన్నాయి! ఓ పోలీ! రావే! ఉసిరికాయ తిని నీళ్ళు తాగితే నోరంతా తీపే!"

ఆ మాట ఎంతసేపట్లో ఊరంతా పాకిందో తెలుసా? పోలి కాయ నమిలి నీళ్ళు తాగేలోపే గుమ్మం ముందు పిల్లల గుంపు! "నాకు!" "ముందు నాకు!" "నువ్వు జరుగు!" దాలమ్మ బుట్ట చుట్టూ ఒకటే తోపులాట. పిల్లలందరూ మొహాలు చిట్లించడం, నీళ్ళు తాగడం, కేకలు పెట్టడం. ఉసిరిచెట్టు మురిసిపోయి గాలి లేకుండానే ఊగింది.

రోజుకొక కాయ. మూడో రోజుకి నెత్తురు ఆగింది. వారానికి సీతాలు గోడ పట్టుకుని నడిచింది. పదిహేనో రోజు పొద్దున్నే దాలమ్మ లేచి చూస్తే మంచం ఖాళీ! "ఓలమ్మో, పిల్లేదీ?" అని వీధిలోకి వచ్చింది. గెడ్డ వైపు నుంచి దబ్బుమని చప్పుడు వినబడింది. ఆ వెంటనే "మళ్ళీ దూకు! మళ్ళీ దూకు!" అని గెడ్డ పెట్టిన కేకలు ఊరవతల దాకా వినబడ్డాయి. దాలమ్మ అక్కడే నడివీధిలో కూలబడి ఏడుస్తూ నవ్వింది.

అప్పటినుంచే నీళ్ళకి ఏ రుచీ లేకుండా పోయింది. అప్పటినుంచే ఉసిరికాయ నమిలినవాళ్ళకి ముందు దవడలు జివ్వుమంటాయి, కన్ను మూసుకుపోతుంది. ఆ తర్వాత గుక్కెడు మంచినీళ్ళు తాగితే చాలు, ఏ ఊరి నీళ్ళయినా సరే, ఈనాటికీ తియ్యగా ఉంటాయి.