మార్పు లేని చుక్క

వకుళ ఆరేళ్ళుగా ఒకే చుక్కను చూస్తోంది.

పదకొండు రోజులకోసారి ఉబ్బి, వెలుగు పెంచుకుని, మళ్ళీ కుంచించుకుపోయే చుక్క అది. దానికి వయసు మీదపడుతూ ఉంటే ఆ పదకొండు రోజుల లెక్క కొద్దికొద్దిగా మారాలి. ఆ మార్పు పట్టుకుందామనే ఆమె ఈ కొండమీది వేధశాలకు వచ్చింది. ఆరేళ్ళలో పట్టుకోగలిగినంత తేడా ఏమీ రాలేదు.

కొండ మీద మాట్లాడే మనిషి దొరకడమే కష్టం. వంటామె పొద్దు వాలకముందే కిందికి దిగిపోతుంది. చెల్లెలి ఉత్తరాలు కూడా తగ్గిపోయాయి. మొన్న వచ్చినదాంట్లో ఒక్క వాక్యం వకుళకు గుచ్చుకుంది. 'అక్కా, నీ చుక్క ఇంకా అక్కడే ఉందా?'

ఆ మధ్యాహ్నం ఆమె హకీం మాస్టారి గదికి వెళ్ళింది. ఈ పని ఆమెకు నేర్పింది ఆయనే. ఇప్పుడు ఆయన చూపు మసకబారింది. కిటికీ పక్కన కుర్చీలో ఎండకు కాళ్ళు చాపుకుని కూర్చున్నారు.

"మాస్టారూ, నేను వెళ్ళిపోతాను."

"ఎక్కడికి?"

"ఎక్కడికైనా. చుక్కల బతుకు కోట్ల ఏళ్ళు. నాది అరవయ్యో డెబ్భయ్యో. అది ముసలిదవడం నేనెలాగూ చూడలేను. మరి ఇక్కడ ఇలా ఒంటరిగా కూర్చోవడం దేనికి?"

ఆయన లేచి, గోడ తడుముకుంటూ వెళ్ళి, బీరువా అడుగు అరలోంచి ఒక చెక్కపెట్టె లాగారు.

"వెళ్ళేముందు వీటిని కొలిచిపెట్టమ్మా. నాకు కళ్ళు ఆనడం లేదు."

పెట్టె నిండా గాజు ప్లేట్లు. ఆకాశాన్ని ఫోటో తీసిన నెగటివ్ ప్లేట్లు, ఆమె రోజూ తీసేలాంటివే, కానీ యాభై ఏళ్ళ కిందటివి. ప్రతిదాంట్లోనూ ఆమె చుక్కే, నలుసంత నల్లగా. ఒక్కో ప్లేటుకు ఒక్కో కాగితం కవరు. కవరు మీద తేదీ, వేళ, పక్కన రెండు ముక్కలు. 'గాలి ఎక్కువ.' 'మార్పు లేదు.' ఒకదాని మీద, 'జ్వరం. అయినా తీశాను.'

ఆ కవరు మీది మాటలను వకుళ రెండుసార్లు చదివింది.

నాలుగు రోజులు కిటికీ వెలుతురులో భూతద్దం పెట్టి ఒక్కో ప్లేటూ కొలిచింది. తన ఆరేళ్ళ లెక్కతో వెనక్కి వెళ్ళి, ఆనాడు చుక్క ఎప్పుడు నిండుగా వెలిగి ఉండాలో కట్టి చూసింది. ప్లేట్లు చెప్పినదానికీ ఆమె కట్టినదానికీ నాలుగు గంటల తేడా వచ్చింది. తప్పు చేశానేమోనని మళ్ళీ కట్టింది. మూడోసారీ నాలుగు గంటలే.

చుక్క మారింది.

కాగితం పట్టుకుని మాస్టారి దగ్గరికి దాదాపు పరుగెత్తింది. అంకెలన్నీ చదివి వినిపించాక అడిగింది. "ఈ ప్లేట్లు తీసిందెవరు మాస్టారూ?"

"వీరరాఘవులు గారని ఎవరో. నేనూ చూడలేదు. పంతొమ్మిదేళ్ళు ఇక్కడ ఒక్కరే ఉన్నారట."

"ఆఖరి కవరు మీద కూడా మార్పు లేదనే రాశారు."

"అవును."

"అంటే, ఆయనకు తెలియనే లేదు."

"తెలియలేదమ్మా."

వకుళ తన గదిలోంచి పెట్టె, ప్లేట్లు తెచ్చింది. వాటిని ఒక్కొక్కటిగా కవర్లలో పెట్టి, పెట్టెలో వరసగా సర్దింది. మాస్టారు సొరుగు వెతికి ఒక కొత్త కవరు తీసి ఆమె చేతికిచ్చారు.

"ఇవాళ్టి ప్లేటు ఇందులో పెట్టు," అన్నారు. "అక్షరాలు కాస్త కుదురుగా రాయి."