ఒక్కొక్క ఆకు

వానలు మొదలైన ఇరవయ్యో రోజున విధికుడనే యువభిక్షువు మందు కోసం తన గురువు దగ్గరికి వెళ్ళాడు.

"భంతే, నిద్ర పట్టడం లేదు. తిన్నది అరగడం లేదు. నడుము పట్టేసింది. అవన్నీ ఓర్చుకుంటాను. దీన్ని మాత్రం ఓర్చుకోలేను" అంటూ కుడిచెయ్యి చాపాడు. వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి.

భిక్షువులు పెద్దలను భంతే అని పిలుస్తారు. గురువు పేరు పాలిత స్థవిరుడు; స్థవిరుడంటే సంఘంలో పెద్ద భిక్షువు. డెబ్బై దాటిన మనిషి. ఎప్పుడో కొండ దిగుతూ పడ్డాడు, అప్పటినుంచీ ఎడమకాలు కాస్త ఈడుస్తాడు. ఆయన శిష్యుడి చేతిని పట్టుకుని చూసి వదిలేశాడు.

"ఎన్ని ఆకులయ్యాయి?"

"నూటపది. ఇంకా ఎనిమిది వందలు రాయాలి. చెయ్యి ఇలాగే ఉంటే వానలు వెలిసేనాటికి అవదు భంతే."

"సరే, చూద్దాం" అన్నాడు గురువు.

విధికుడు రాస్తున్నది ఒక పెద్ద వ్యాఖ్యానం. తరతరాలుగా నోటి మీదే బతికింది. దాన్ని మొదటినుంచి చివరిదాకా తప్పు లేకుండా చెప్పగలవాడు ఇప్పుడు ఒక్కడే మిగిలాడు. ఆయన మహానాగ స్థవిరుడు. నాలుగు రోజుల నడక దూరంలో, ఇంకో కొండమీది విహారంలో ఉంటాడు. కళ్ళు పోయాయి. వానలకు ముందు ఆయన దగ్గరినుంచి కబురు వచ్చింది: "వానలు వెలిసిన వెంటనే వచ్చి చదివి వినిపించండి, దిద్దుతాను. వచ్చే వానల దాకా నేను ఉండను."

విధికుడు ఆ వ్యాఖ్యానాన్ని పదిమంది దగ్గర ముక్కలు ముక్కలుగా నేర్చుకున్నాడు. ఏ ముక్క ఎక్కడ అతకలేదో, ఎక్కడ సందేహం మిగిలిందో అతనికే తెలుసు. కాబట్టి రాయవలసిందీ అతనే, మోసుకువెళ్ళి చదవవలసిందీ అతనే.

అందుకని సంఘం అతనికి అన్ని పనులూ తప్పించింది. ఊళ్ళోకి భిక్షకు వెళ్ళక్కర్లేదు. ఊడవక్కర్లేదు. వాగు నుంచి నీళ్ళు మోయక్కర్లేదు. అన్నం కూర్చున్న చాప దగ్గరికే వస్తుంది. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు. కొండ మాటేమో గాని విధికుడి మోకాళ్ళు మాత్రం అప్పుడే మొరాయించడం మొదలుపెట్టాయి.

ఇంకొకటి కూడా చేశాడు మనవాడు. వానాకాలం మూడు నెలలూ భిక్షువులు ప్రయాణాలు చెయ్యరు. ఒళ్ళు బిగుసుకుపోకుండా పొద్దునా సాయంత్రం నడవడానికి విహారంలో ఒక బాట ఉంటుంది. పైన కప్పు, ఈ చివరినుంచి ఆ చివరికి ఎనభై అడుగులు. కొండ మొత్తం మీద తడవని నేల అదొక్కటే. విధికుడు ఉడకబెట్టిన తాటాకులు తెచ్చి ఆ బాట పొడుగునా ఆరేశాడు.

"ఏం విధికా, ఆకులకు నడక నేర్పుతున్నావా?" అని తోటి భిక్షువులు ఆటపట్టించారు.

"ఊరికే అటూ ఇటూ తిరిగే కాళ్ళకంటే ఆరే ఆకులకే ఆ నేల అవసరం" అన్నాడు విధికుడు.

ధర్మం కోసం చేసే పని కదా, ఎవరూ ఎదురు చెప్పలేదు. భిక్షువులు గోడవారగా ఒదిగి నడిచారు. కొందరు నడక మానేశారు. పాలిత స్థవిరుడు మాత్రం జల్లులోకి వెళ్ళి, తాటాకు గొడుగు పట్టుకుని రాళ్ళ మీద నడిచేవాడు.

మందు అడిగిన రోజు విధికుడు మిరియాల కషాయమో, రెండు రోజుల విశ్రాంతో దొరుకుతుందనుకున్నాడు. రోగి కోరిందీ పాలే, వైద్యుడు చెప్పిందీ పాలే అయితే బాగుండేది.

మర్నాడు లేచి చూసేసరికి అతని రాతపీట దగ్గర ఆకుల బుట్ట లేదు. రాసిన గీతల్లోకి పూసే మసిగిన్నె కూడా లేదు. బాట మీద ఆరేసిన ఆకులన్నీ ఎవరో ఏరి కట్టలు కట్టారు. రాతపీట బాటకు ఈ చివర ఉంది. బుట్టా, మసిగిన్నే ఆ చివర ఉన్నాయి. గురువు అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఇకనుంచి అవి అక్కడే ఉంటాయి" అన్నాడాయన. "ఆకు ఒక్కొక్కటే తీసుకుపో. ఒకవైపు రాయగానే వచ్చి మసి పూసుకో. రెండోవైపు రాశాక మళ్ళీ రా."

"భంతే, రోజుకు పన్నెండు ఆకులు రాయాలి. ఇలా అయితే నడకకే పొద్దు చాలదు."

గురువు గొడుగు అందుకుని వానలోకి వెళ్ళిపోయాడు.

విధికుడికి ఒళ్ళు మండింది. ఒకప్పుడు ఈ వ్యాఖ్యానమంతా నోటికి వచ్చి, ఇప్పుడు మరిచిపోయిన ముసలాయనకు, శిష్యుడు దాన్ని పూర్తి చేయడం గిట్టడం లేదేమో అని కూడా అనుకున్నాడు. అలా అనుకున్నందుకు తరువాత చాలాకాలం సిగ్గుపడ్డాడు. ఆ రోజుకు మాత్రం అదే నిజమనిపించింది.

మూడు రోజులు చెప్పినట్టే చేశాడు. మోకాళ్ళు సలిపాయి. రెండోవైపు మసికి వెళ్ళేసరికి ఆయాసం వచ్చింది. రోజుకు ఎనిమిది ఆకులు కూడా కాలేదు. నాలుగో రోజు అటూ ఇటూ చూసి, బుట్టలోంచి పది ఆకులు ఒకేసారి తీసి చీవరం కింద పెట్టుకుని వచ్చేశాడు. చీవరమంటే భిక్షువు కట్టుకునే గుడ్డ. దాని కింద దాచడానికి భిక్షువుకు మామూలుగా ఏమీ ఉండదు.

ఒక ఆకు పీట మీద పెట్టుకుని గంటం చేతబట్టాడో లేదో, గురువు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చాప అంచు కింద మిగతా తొమ్మిదీ కనిపిస్తూనే ఉన్నాయి.

ఆయన వంగి ఒక ఆకు తీసుకున్నాడు. కాలు ఈడుస్తూ ఎనభై అడుగులు నడిచి దాన్ని బుట్టలో పెట్టాడు. ఎనభై అడుగులు తిరిగి వచ్చాడు. వంగి రెండోది తీసుకున్నాడు.

"భంతే, నేను తీసుకెళ్తాను. ఇలా ఇవ్వండి."

ఆయన ఇవ్వలేదు. విననట్టే నడిచాడు. వచ్చాడు. మూడోది తీసుకున్నాడు.

విధికుడు లేచి నిలబడ్డాడు. ఒక్కసారిగా లేవడంతో కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాడు. అలా గోడ పట్టుకునే చూస్తూ ఉన్నాడు. నాలుగు, అయిదు, ఆరు. భిక్షకు వెళ్ళిన వాళ్ళు తిరిగొచ్చి, కాళ్ళు కడుక్కుంటూ ఏమిటా అని చూశారు. ఏడు, ఎనిమిది. ఎవరూ నవ్వలేదు. విధికుడికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

తొమ్మిదో ఆకు బుట్టలో పెట్టి గురువు తిరిగొచ్చాడు.

"ఇవాళ గాలి బాగుంది" అన్నాడు.

ఆ మాట ఎక్కడా ఆగకుండా, తెగకుండా వచ్చింది. డెబ్బై దాటిన కుంటికాలి మనిషి అంత నడిచి వచ్చి, అప్పుడే పక్కమీంచి లేచినవాడిలా మాట్లాడుతున్నాడు. కూర్చున్నచోటునుంచి లేచిన పాతికేళ్ళ విధికుడు రొప్పుతున్నాడు.

ఆ రోజునుంచి అతను ఒక్కొక్క ఆకే తెచ్చుకున్నాడు.

కొన్నాళ్ళు గొణుక్కుంటూ నడిచాడు. తరువాత గొణగడానికి ఏమీ దొరకలేదు. నడిచేటప్పుడు తరువాతి వాక్యం దానంతట అదే నోట్లోకి వచ్చేది, పీట దగ్గరికి చేరేసరికి రాయడమే మిగిలేది. పదిహేను రోజులకు అన్నం పెట్టగానే ఆకలి తెలిసింది. ఆ పక్షం దాటాక ఒక పొద్దున గంట కొడితేగాని మెలకువ రాలేదు. చెయ్యి ఎప్పుడు నిలబడిందో అతనికే తెలియదు. రాసిన ఆకులు వరసగా తిరగేస్తే నూటయాభై దాకా అక్షరాలు చలికాలంలో కుక్కపిల్లల్లా వణుకుతున్నాయి. రెండు వందల తరువాత నిలబడ్డాయి. రోజుకు పన్నెండు ఆకులు, ఒక్కోరోజు పద్నాలుగు అయ్యాయి. పని ముగిసిన సాయంత్రాలు కూడా తన ప్రమేయం లేకుండానే బాట మీదికి వెళ్ళేవాడు. అక్కడ తోటి భిక్షువులు కాస్త జరిగి చోటిచ్చేవాళ్ళు.

వానలు వెలిసిన మూడో రోజున కట్టను భుజానికెత్తుకుని బయలుదేరాడు. తొమ్మిది వందల పైచిలుకు ఆకులు, అటూ ఇటూ చెక్కపలకలు. బరువైన కట్టే. రెండు వాగులు దాటాడు, ఒక అడవి దాటాడు. నాలుగో రోజు మధ్యాహ్నం మహానాగ స్థవిరుడి కొండ ఎక్కాడు. పైమెట్టు మీద కట్ట దించకుండానే ద్వారం దగ్గరి భిక్షువుకు తన పేరూ, గురువు పేరూ, వచ్చిన పనీ చెప్పాడు. చెప్పాక గుర్తొచ్చింది, తాను మధ్యలో ఊపిరి కోసం ఆగలేదని.

మహానాగ స్థవిరుడు ఎండుకట్టెలా పడుకుని ఉన్నాడు. చెవులు మాత్రం చురుగ్గా ఉన్నాయి. విధికుడు పద్దెనిమిది రోజులు చదివాడు. ఆయన అరవైరెండు చోట్ల దిద్దాడు. ఆఖరి ఆకు విన్నాక "ఇక నాకు బరువు లేదు" అని అటు తిరిగి పడుకున్నాడు. పదిరోజుల తరువాత పోయాడు. ఆ కబురు విధికుడి వెనకాలే విహారానికి చేరింది.

కబురు విన్న సాయంత్రం విధికుడు గురువును వెతుక్కుంటూ వెళ్ళాడు. ఆయన బాట మీద నడుస్తున్నాడు. శిష్యుడు పక్కన చేరి ఆయనతో పాటు ఆ చివరిదాకా నడిచి వెనక్కి తిరిగాడు. ఇంకో పది రోజులు ఆలస్యమై ఉంటే ఆఖరి ఆకులు వినడానికి మహానాగ స్థవిరుడు ఉండేవాడు కాదు.

"భంతే, ఆ రోజు నేను మందు అడిగాను. నడక మానేశావు, అదే నీ రోగం, రోజూ నడువు అని ఒక్క మాట చెబితే సరిపోయేది కదా. తొమ్మిదిసార్లు మీరెందుకు నడవాలి?"

పాలిత స్థవిరుడు అడుగు ఆపలేదు.

"చెబితే రాసుకునేవాడివి" అన్నాడు.