రాజుగారు రాట్నమెక్కిన సంబరం

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే వాళ్ళు చిన్నబుచ్చుకుంటారేమో, పట్నమే అందాం. రత్నాలపట్నం. ఒరేయ్ చంటీ, దుప్పటంతా నువ్వే లాక్కోకు, చెల్లికీ కప్పు. ఆ పట్నానికి ఏటా పంటలు ఇంటికొచ్చాక సంబరం, అదే జాతర, వచ్చేది. దానికో సొంత ఊరంటూ లేదు, బళ్ళెక్కి ఊరూరూ తిరుగుతూ వచ్చేది. బండి వెనక బండి, బండిలో గంప, గంపలో జీళ్ళు, జీళ్ళ మీద ఈగలు, ఈగల వెనక పిల్లలు, పిల్లల వెనక కర్రుచ్చుకుని తల్లులు. అలా వచ్చి కోట ముందు మైదానంలో దిగేది.

ఆఖరి బండిలో పోలయ్యా, అతని కోడలు నూకాలూ వచ్చేవాళ్ళు. వాళ్ళది రంగులరాట్నం. ఇప్పట్లా కరెంటుతో తిరిగేది కాదమ్మా. పొడుగాటి దూలానికి ఆ చివరొక తొట్టి, ఈ చివరొక తొట్టి. ఒకటి పైకెళ్తే ఒకటి కిందికి. పోలయ్య చేత్తో తిప్పేవాడు, నూకాలు మనుషుల్ని కంటితోనే తూచి ఎక్కించేది. ఇటు లావాటావిడ కూర్చుంటే అటు నలుగురు పిల్లలు. దించేటప్పుడూ అంతే, ఒకళ్ళు దిగాలంటే వాళ్ళ చోట ఇంకొకళ్ళు ఎక్కాలి. తూకం తప్పిందా, పైనున్న తొట్టి దబ్బుమని కిందికొచ్చి పడుతుంది. ఊ కొడుతున్నారా?

ఆ ఏడు పట్నానికి కొత్త రాజు వచ్చాట్ట. చెడ్డవాడు కాదు గానీ ఒట్టి బిగువు మనిషి. మేడ మీంచి చూస్తే రాట్నంలో జనం తన కంటే ఎత్తున కనిపించారు. దాంతో ఒళ్ళు మండిపోయింది. రాట్నం ఎక్కినా, తిప్పినా, ఊరికే చెయ్యి వేసినా తల తీయిస్తానని శాసనం చేసి భటుల్ని పంపాడు. సంబరం మళ్ళీ ఈ పొలిమేర తొక్కకూడదన్నాడు.

సరిగ్గా అప్పుడు పై తొట్టిలో ఎవరున్నారనుకున్నారు? రాజుగారి కొడుకే. దాది బంగారమ్మ ప్రాణాలు తోడేసి మరీ తీసుకొచ్చాడు. బంగారమ్మ బాగా ఒళ్ళున్న మనిషి, అందుకని కింద తొట్టిలో నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టింది నూకాలు. భటులు వస్తూనే, దిగండి, దిగకపోతే తలలు పోతాయని గదమాయించారు. చిన్నపిల్లలు, వాళ్ళకేం తెలుసు? నలుగురూ ఒక్కసారే దూకేశారు.

ఖాళీ తొట్టి గాల్లోకి లేచింది. పోలయ్య ఒక్క గెంతు గెంతి దానికి వేలాడాడు. నూకాలు అందులోకి ఎక్కి కూలబడింది. ముసలాయన, బక్కపిల్ల, వీళ్ళ బరువెంతని? తొట్టి బెత్తెడు లేస్తుంది, ఆగుతుంది, మళ్ళీ బెత్తెడు లేస్తుంది. పైన పిల్లాడు దాది మెడ కరుచుకుని ఏడుస్తున్నాడు. మామ చేతులు జారితే పసివాడు నేలకి కొట్టుకుంటాడని నూకాలుకి తెలుసు.

ఒక్కరు రండయ్యా, వచ్చి ఈ తొట్టిలో కూర్చోండయ్యా అని జనాన్ని బతిమాలింది. జనం భటుల కత్తుల వంక చూశారు. భటుల్ని బతిమాలింది. భటులు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు.

ఇంతలో కబురు తెలిసి రాజు చెప్పులైనా లేకుండా పరిగెత్తుకొచ్చాడు. వచ్చి, ఎక్కి కూర్చోండిరా అని భటుల మీద విరుచుకుపడ్డాడు. ముందు శాసనం తీసెయ్యండి మహాప్రభో, తొట్టి నిండా కూర్చుంటాం అన్నారట వాళ్ళు. పొద్దున్న చేసిన శాసనం మధ్యాహ్నం తీసేస్తే జనం నవ్వరూ అనుకున్నాడు రాజు. కొడుకు వంక చూస్తాడు, జనం వంక చూస్తాడు, మీసం మీద చెయ్యి వేస్తాడు, తీసేస్తాడు. పోలయ్య వేళ్ళు చెమటకి జారుతున్నాయి. వినండర్రా, కన్నకొడుకు గాల్లో వేలాడుతుంటే ఇంకా మీసం గురించే ఆలోచన.

నూకాలుకి ఒళ్ళు మండింది. "శాసనం మాకు గానీ తమరికి కాదుగా ప్రభూ. తమరే కూర్చోండి," అంది. రాజు తెల్లబోయాడు. పైనుంచి నాన్నా అని పిలుపు వినబడింది. అంతే, కిరీటం తీసి పక్కన పారేసి తొట్టిలో కూలబడ్డాడు.

రాజూ ఒళ్ళున్నవాడే, తూకం కుదిరింది. పోలయ్య తొట్టి వదిలాడు, నూకాలు దిగి, భుజంతో దూలాన్ని నెట్టింది. మెల్లిగా, మెల్లిగా, దాది కిందికి, రాజు పైకి. తొట్టి నేలకి ఆనగానే బంగారమ్మ పిల్లాణ్ణి చంకనేసుకుని ఒక కాలు బయట పెట్టేసింది. నూకాలు గబుక్కున కొంగు పట్టుకుని లాగి కూర్చోబెట్టి, నువ్వు దిగితే అక్కడ రాజు పడిపోతాడే తల్లీ అంది. తలెత్తి రాజుతో అంది: "తమరు దిగాలంటే ఇక్కడ మనుషులు కూర్చోవాలి ప్రభూ. కూర్చుంటే తల పోతుందట. ఏం చెయ్యమంటారు?"

రాజు కిందికి చూశాడు. అందరి తలలూ తన కాళ్ళ కిందే ఉన్నాయి, పొద్దున్న కోరుకున్నట్టే. కానీ ఒక్కటీ కదలడం లేదు. గాలికి తొట్టి ఊగింది. ఆయనకి ఏడుపొచ్చింది. శాసనం లేదు గీసనం లేదు, ఎవరి తలా తియ్యను, రండర్రా నాయనా, కూర్చోండర్రా అని పట్నమంతా వినబడేలా అరిచాట్ట.

భటులు కత్తులు పడేసి ఎక్కారు. వాళ్ళెక్కాకే దాదీ పిల్లాడూ దిగారు. రాజుని దించడానికి భటులు పైకెళ్ళారు, భటుల్ని దించడానికి గాజులవాళ్ళు ఎక్కారు, గాజులవాళ్ళని దించడానికి మంత్రిగారు, ఆయన పెళ్ళాం, బావమరుదులు, వాళ్ళని దించడానికి జీళ్ళమ్మే అవ్వలు. పొద్దుగూకేసరికి పట్నం పట్నమంతా రాట్నమెక్కి దిగింది. రాజు పోలయ్య చేతులు రెండూ పట్టుకుని వదల్లేదు.

అప్పట్నుంచి ఆ పట్నంలో ఏటా సంబరం దిగగానే మొదటి తిరుగుడు రాజుగారిదే. ఎంత రాజైనా నూకాలు దిగమన్నాకే దిగాలి. మీరూ రేపు బళ్ళో ఊగుడుబల్ల ఎక్కితే, అటువైపు వాళ్ళకి చెప్పకుండా దిగిపోకండి, తెలిసిందా? ఇంక కథని కంచి బండెక్కించేశాను, మనం నిద్దట్లోకి పోదాం.