తొర్రమ్మ పథ్యం

అనగనగా నల్లమల అడవిలో, వాగు ఒడ్డున, ఒక కోతుల గుంపు ఉండేది. ఆ గుంపుకి ఒక ఆచారం ఉంది పిల్లలూ. కడుపుతో ఉన్న కోతి పుల్లటి కాయ ముట్టకూడదు. కాన్పయ్యాక మూడు నెలలు కూడా అంతే. ఎండు గింజలే పథ్యం.

ఆ ఆచారానికి కాపలా ఒక ముసలి కోతి. ముందు పళ్లు లేవు కాబట్టి అందరూ తొర్రమ్మ అనేవారు. కాన్పులన్నీ అయిపోయినా తాను మాత్రం ఉసిరి ముట్టలేదు. ఆమె కోడలు మంకెనకు తొలిచూలు.

మంకెన పుల్లటి దోరజామకాయ కోసింది. "బిడ్డకు జలుబు" అని తొర్రమ్మ లాక్కుంది. నారింజ కోసింది. "పైత్యం" అని విసిరేసింది. మంకెన ఉసిరి కొమ్మ వైపు చూసింది.

"చూడను కూడా చూడకు" అంది తొర్రమ్మ.

రెండు నెలలు గడిచాయి. మంకెన చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. ముల్లు గీరిన గాయం మానలేదు. కొమ్మ నుంచి కొమ్మకు దూకలేకపోతోంది.

"అత్తా, రేపు బిడ్డను పొట్టకు కరిపించుకుని ఎలా దూకను?" అంది.

"కింద ఆ దుప్పిని చూడు. గడ్డి తప్ప ఎరగదు. దాని పిల్ల ఎలా గెంతుతోందో" అంది తొర్రమ్మ.

దుప్పి తలెత్తింది. "వదినా, నన్ను సాక్ష్యానికి లాగకు. పుల్లటి కాయల్లో ఉండే విటమిన్ సి నా ఒంట్లోనే తయారవుతుంది. మీ కోతులకు అలా కాదు, తినాల్సిందే, లేకపోతే చిగుళ్లు చెడతాయి. కడుపులో బిడ్డకూ తల్లి తిన్నదాంట్లోంచే అందాలి."

"ఇదే పథ్యంతో ఆరుగురిని కన్నాను."

"కన్నావు. మరి పళ్లు ఎప్పుడు ఊడాయి?"

తొర్రమ్మ నాలుకతో బోసి చిగుళ్లు తడుముకుంది. "ఆరో కాన్పుకి" అంది చివరికి.

తర్వాత ఎవరూ చెప్పకుండానే వెళ్లి ఉసిరి కొమ్మ ఊపింది.

మంకెన రోజూ రెండు ఉసిరికాయలు తింది. పదిహేను రోజుల్లో రక్తం ఆగింది, గాయం మానింది. నెల తిరిగేసరికి ఆడపిల్ల పుట్టింది. దాన్ని పొట్టకు కరిపించుకుని మంకెన ఒక్క గెంతులో వాగు దాటింది. గుంపంతా కిచకిచలాడింది.

"అత్తా, పాలిస్తున్నాను కదా, ఇక పులుపు మానేయనా?" అంది మంకెన నవ్వు దాచుకుంటూ.

"పాలతో పిల్లకూ అందాలి. ఇప్పుడు ఇంకాస్త ఎక్కువే తినాలి. దుప్పి వదినను అడిగొచ్చాను" అంది తొర్రమ్మ. తానూ ఒక ఉసిరికాయను రాతితో చితక్కొట్టి నాకి, వాగులో నీళ్లు తాగింది. ఆగి, మళ్లీ తాగింది.

"ఉసిరి తిన్నాక నీళ్లు తియ్యగా ఉన్నాయే. ఇన్నేళ్లూ నాకెవరూ చెప్పలేదేం?"

"నువ్వు చెప్పనిస్తే కదా అత్తా" అంది మంకెన.

నీతి: కడుపుతో ఉన్న తల్లికీ, పాలిచ్చే తల్లికీ పుల్లటి పండు కావాలి, పథ్యం పెట్టేముందు అది ఎవరి ఒంటికి సరిపడుతుందో కనుక్కోవాలి.