సన్యాసి చేతికి నల్లగాజు

కథకి కాళ్ళు లేవు, చెప్పేవాడికి సిగ్గు లేదు. ఆ రెండూ ఉన్నవాళ్ళు కాస్త కూర్చుని వినండి.

వెనకటికెప్పుడో, కొండలింకా కుర్రతనంలో ఉన్న రోజుల్లో, గాజుల గవరమ్మ అని ఒక ముసల్ది ఉండేది. భుజాన గాజుల మలారం, నోట్లో చుట్ట, నోటినిండా వాగుడు. చుట్టా వాగుడూ ఒక్క నోట్లో ఎలా పట్టేవని అడక్కండి. పట్టేవి.

"నాకొచ్చినవి రెండే పనులు. గాజు ఎక్కించడం, ఊరి గుట్టు నలుగురిలో దించడం" అని తన మీద తనే నవ్వుకునేది.

కానీ గాజు విషయంలో మాత్రం ఆమెకో పద్ధతుంది. గాజు ఎక్కకపోతే తొయ్యదు. "నొప్పెడతందా అమ్మీ?" అని అడుగుతుంది. అవునంటే ఆగుతుంది. చెయ్యి కాస్త వాల్చి మళ్ళీ చూస్తుంది. అప్పటికీ ఎక్కకపోతే పెద్ద గాజు తీస్తుంది. అంతేగాని చేతిది తప్పని ఎన్నడూ అనలేదు.

ఒకనాడు గానుగ వాళ్ళింటి ఎర్రయ్యమ్మ కబురు పెట్టి పిలిపించింది.

"నల్లగాజులు తియ్యవే గవరా. మా కోడలికి దెయ్యం పట్టింది."

కోడలి పేరు పైడమ్మ. పెళ్ళై ఏడాది. మొగుడు సన్యాసి. పేరుకే సన్యాసి. అతను దగ్గరికొస్తే చాలు, పిల్ల కెవ్వుమని గోడకి జరిగిపోయేది. మొదట తాయెత్తు కట్టారు. కేక ఆగలేదు. తర్వాత మిరపకాయల పొగ పెట్టారు. కేక ఆగలేదు సరికదా, ఇల్లంతా తుమ్మింది. ఇక మూడోది, అమావాస్యకి నల్లగాజులు వేసి వేపమండలతో బాదడం. దానికీ ఆగకపోతే పిల్లని పుట్టింటికి తోలేసి, సన్యాసికి మరో పెళ్ళి.

ఎర్రయ్యమ్మ లోపలికెళ్ళింది. గవరమ్మ పిల్ల చెయ్యి పట్టుకుని, అలవాటుగా అడిగింది.

"నొప్పెడతందా అమ్మీ?"

పైడమ్మ భోరుమంది.

"ఓలమ్మో, ఇంకా గాజు తియ్యనేలేదు కదే!"

"ఆ మాట ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు పిన్నీ."

ఆపైన పిల్ల చెవిలో చెప్పింది. గవరమ్మ నోట్లోంచి చుట్ట జారి చీర మీద పడింది. చీర కాలుతున్నా చూసుకోలేదు. ఊరూరా ఎన్ని చేతులు పట్టుకుంది! ఎంతమందిని ఆ మాట అడిగింది! మణికట్టు దాటి ఆ మాట ఇంకెక్కడైనా అడగొచ్చని ఒక్కనాడూ తోచలేదే!

"ఎవరికీ చెప్పనని ఒట్టెయ్యి పిన్నీ."

వేసింది. గవరమ్మ ఒట్టంటే ఊరకుక్కలు కూడా నవ్వుతాయి. అయినా వేసింది.

"నాకు గాజులే తెలుసునే. ఏటి అవతల మంత్రసాని కోటమ్మ ఉంది. నీ నోటితో నువ్వే చెప్పు."

సరిపడే గాజులు తన ఇంట్లో ఉన్నాయని, పిల్లని తీసుకెళ్ళి చూస్తానని ఎర్రయ్యమ్మకి చెప్పి, పిల్లని ఏరు దాటించింది.

కోటమ్మ అడిగి, చూసి, చేతులు కడుక్కుంది.

"నీ గర్భసంచి వెనక్కి వాలి ఉందే. చాలామందికి ముందుకి వాలుతుంది, కొందరికి వెనక్కి. ఎడంచేతి వాటం లాంటిదే. దెయ్యమూ కాదు, రోగమూ కాదు."

"మరి దారేటి?"

"నొప్పన్నప్పుడు ఆగాలి, అది ముందు. పడక తీరు మార్చి చూడండి. పక్కకి తిరిగి, లేదా నువ్వు పైనుండి. అప్పుడు ఎంతవరకన్నది నీ చేతిలో ఉంటుంది. పొద్దున్నే మోకాళ్ళ మీద వంగి, గుండె నేలకి ఆనించు. దానితో కొందరికి సంచి ముందుకొస్తుంది, కొందరికి రాదు. అప్పటికీ తగ్గకపోతే సంచిని నిలబెట్టే ఉంగరం ఉంది, అది నేను పెడతాను, నువ్వు పెట్టుకోకు. అదీ పనిచెయ్యకపోతే లోపల ఇంకేదో వాపో పుండో ఉండొచ్చు. పెద్ద వైద్యుడి దగ్గరికి నేనే తీసుకెళ్తాను. కోసి సరిచెయ్యడమూ ఉంది, కానీ అది ఆఖరి దారి. ఇవన్నీ నీ మొగుడితో చెప్పాలి మరి."

పైడమ్మ తల వంచుకుంది. "నాకు నోరు రాదు."

అమావాస్య రానే వచ్చింది. గానుగ వాకిట్లో ఊరంతా పోగైంది. భూతవైద్యుడు గురవయ్య వేపమండలు దులుపుతున్నాడు. గవరమ్మ మలారం దించింది. ఒట్టు గొంతులో ముల్లులా ఉంది.

"మొగుడికీ నల్లగాజు వెయ్యాల. లేకపోతే దెయ్యం ఇటు దూకుతుంది."

గురవయ్య ఆ మాట ఎన్నడూ వినలేదు. వినలేదని ఎలా చెప్తాడు? "అవునవును, మా తాతలూ అదే అనేవారు" అన్నాడు.

గవరమ్మ పసిపిల్లల గాజొకటి తీసి సన్యాసి చేతికి తొడిగింది. ఒక తోపు తోసింది. సన్యాసి పళ్ళు బిగించాడు. రెండో తోపు తోసింది. మూలిగాడు. జీవితంలో మొదటిసారి అడగకుండా మూడో తోపు తోసింది. సన్యాసి కెవ్వుమన్నాడు.

"ఈడికీ పట్టింది!" అని గురవయ్య అలవాటుకొద్దీ వీపు మీద రెండు వేశాడు.

"దెయ్యం కాదయ్యా! నొప్పి! నొప్పి!"

సన్యాసి తన నోట్లోంచి వచ్చిన మాట తనే విన్నాడు. మెల్లగా తల తిప్పి పెళ్ళాం వైపు చూశాడు. గవరమ్మ రెండు చేతులతో నోరు మూసుకుంది. ఆ నోరు మూసుకోవడం ఊరు చూడ్డం అదే మొదలు.

పైడమ్మ లేచి నిలబడింది.

"నాదీ అదే. నాక్కూడా నొప్పే."

ఒకరిద్దరు చెవులు మూసుకున్నారు. ఒకడు చెప్పులు వదిలేసి పారిపోయాడు. గురవయ్య చేతిలో మండలు జారిపడ్డాయి. అన్నిటికంటే పెద్ద పిడుగు ఎర్రయ్యమ్మ నోటి నుంచి పడింది. ఆమె గానుగ రోటిని పట్టుకుని నెమ్మదిగా కూలబడింది.

"నాకూ ఉండేదే" అంది. "దెయ్యమనే అనుకున్నాను. ఇన్నేళ్ళూ."

మర్నాడు సన్యాసి తనే పైడమ్మని ఏరు దాటించాడు. కోటమ్మ చెప్పినదంతా తల వంచుకుని విన్నాడు. పడక తీరు మార్చుకున్నారు. పొద్దున్నే పైడమ్మ గుండె నేలకి ఆనిస్తే పక్కనే కూర్చునేవాడు. చాలావరకు తగ్గింది. ఎప్పుడైనా నొప్పంటే ఆగేవాడు. ఉంగరం దాకా పోలేదు.

గవరమ్మ కొన్నాళ్ళకి పోయింది. ఒట్టు తప్పలేదు. ఆమె మట్టి మీద ఊరి ఆడవాళ్ళు తలా ఒక నల్లగాజు పెట్టారు.

ఇప్పటికీ ఆ వైపు పెళ్ళిళ్ళలో, గాజులు తొడిగేటప్పుడు వరుణ్ణి పక్కనే కూర్చోబెడతారు. గాజులామె అందరికీ వినబడేలా అడుగుతుంది, "నొప్పెడతందా అమ్మీ?" నొప్పి లేకపోయినా పిల్ల ఒకసారి "నొప్పే" అనాలి. నోటికి అలవాటు కావాలి కదా. అప్పుడు పెళ్ళికొడుకు "ఆగాను" అనాలి.

అనేదాకా రెండో గాజు తియ్యరు.