ఏలినవారి తలపాగా, ఎర్రక్క దువ్వెన

అందరూ కాస్త ముందుకు జరగండమ్మా. స్వామిని తలుచుకుని చెబుతున్నాను, వినండి.

ఒకానొక రాజ్యంలో ఉద్దండరాయుడనే రాజు ఉండేవాడు. మంచివాడే, కానీ తన వంశమంటే మహా గొప్ప. ఎవరినైనా మెచ్చుకుంటే నగలిచ్చేవాడు కాదు. నిండుసభలో తన తలపాగా తీసి వాళ్ళ తలమీద పెట్టేవాడు. ఘడియసేపు ఉంచి, మళ్ళీ తీసి తనే పెట్టుకునేవాడు. అంతకు మించిన మర్యాద ఆ రాజ్యంలో లేదు.

ఒకరోజు చిన్న రాకుమారి కువలయ అదేపనిగా తల గోక్కుంటుంటే రాజవైద్యుడు నీలకంఠం చూసి అదిరిపడ్డాడు.

"పేలు, ప్రభూ! ఇవి మురికిలో పుట్టి ఎగిరొస్తాయి. పూలు కట్టేవాళ్ళ వీధి నుంచే వచ్చుంటాయి. వాళ్ళని కోట దాటించండి. అమ్మాయిగారికి గుండు చేయించండి."

రాజు మరుమాట లేకుండా ఆజ్ఞ వేశాడు. పొద్దు గూకేలోగా నలభై కుటుంబాలు ఇళ్ళొదిలి పోవాలి!

ఆ వీధిలో ఎర్రక్క అని ఒకావిడ. పెళ్ళికూతుళ్ళకి జడలు వేయడంలో ఆవిడకి సాటి లేదు. ఓ తెల్లగుడ్డ, చిన్న నూనెగిన్నె, సన్నపళ్ళ దువ్వెన పట్టుకుని నేరుగా సభకొచ్చింది.

"వెళతాం మహాప్రభో. కానీ మా పేలు మీ కోటలో వదిలిపోతే మాకు మాట వస్తుంది. అవి ఉన్న తలలతో సహా మాతో తీసుకుపోతాం. సెలవిప్పించండి."

రాజు నవ్వాడు. "అలాగే. పేను దొరికిన ప్రతి తలా నీతోపాటు కోట దాటాల్సిందే. ఇది నా మాట!"

"అయితే ముందుగా వైద్యులవారు కూర్చోవాలి."

"నేనా? పొద్దున్నే తలంటుకున్నాను!"

"శుభ్రమైన తలంటే పేనుకి చేదా అయ్యగారూ? కూర్చోండి."

జుట్టుముడి విప్పించింది. నూనె రాసి, చెవుల వెనక నుంచీ మెడ పైనుంచీ కుదుళ్ళకంటా దువ్వి, దువ్వెన తెల్లగుడ్డమీద దులిపింది. నువ్వుగింజంతది ఒకటి కాళ్ళాడిస్తూ బయల్దేరింది.

"ఇవిగో ఈపులు, పేల గుడ్లు కూడా."

"అది చుండ్రు!"

"చుండ్రయితే దులిపితే రాలుతుంది. ఈపి వెంట్రుకని పట్టుకుని వదలదు. మీరే లాగి చూడండి."

లాగాడు. రాలేదు. సభ గొల్లుమంది. తరవాత సేనాపతి, ఆ తరవాత మంత్రి. ఇద్దరి తలల్లోనూ దొరికాయి.

"ఈ ముగ్గురూ మొన్న పున్నమికి తమ మర్యాద అందుకున్నవారే కదా ప్రభూ? పేనుకి రెక్కల్లేవు, గంతులెయ్యలేదు. తల నుంచి తలకి నడుస్తుంది. దొరికితే సవారీ చేస్తుంది." ఎర్రక్క తలపాగా వంక చూసింది. "అమ్మాయిగారు కూడా దాన్ని పెట్టుకునే ఆడుకుంటారట."

అప్పటికే రాజుగారి వేలు చెవి వెనక ఉంది. గబుక్కున దించాడు.

"ఇక ఒక్క తలే మిగిలింది మహాప్రభో. చూడమంటే చూస్తాను. దొరికితే మాత్రం తమరూ మాతో రావాలి. మా పక్కనే గుడిసె వేయిస్తాం. రోజుకి పది మూరల మాల కట్టాలి మరి!"

రాజు ఆవిడవంక చూశాడు, వైద్యుడివంక చూశాడు. ఒక్కసారిగా పొట్ట పట్టుకుని నవ్వాడు.

"నా మాటతో నన్నే కట్టేశావు తల్లీ! ఆజ్ఞ రద్దు. మీ వీధి కదలదు." తలపాగా తీసి, కిందకొచ్చి, ఆవిడ ముందు కూర్చున్నాడు. "చూడు. మరి అమ్మాయికి గుండు?"

"తలనీలాలు స్వామికి మొక్కుకుని ఇచ్చేవి ప్రభూ, పేనుకి భయపడి కాదు. నూనె రాసి మూడ్రోజులకోసారి సన్నదువ్వెనతో దువ్వాలి, రెండుమూడు వారాలు, ఇంటిల్లిపాదికీ. లేకపోతే ఈపులు పొదిగి మళ్ళీ మొదటికే వస్తుంది. దువ్వెనలూ తలపాగాలూ ఎవరివి వాళ్ళవే. వాడినవి వేడినీళ్ళలో ఉతకాలి. మా పిల్లలకీ పడతాయి, ఏరుకుంటాం. అందులో సిగ్గెందుకు?"

"నీకేం కావాలో కోరుకో."

"కోటగుమ్మం పక్కన ఎండ తగిలేచోట ఒక అరుగు. ఎవరింటి బిడ్డొచ్చినా మావాళ్ళు తల చూస్తారు. ఏ వీధి అని అడగరు."

వారంలో అరుగు లేచింది. మొదటిరోజు రాకుమారి కూడా పూలవీధి పిల్లలతో వరసలోనే కూర్చుంది.

"తల వంచమ్మా," అంది ఎర్రక్క, తన తల మాత్రం నిటారుగా ఎత్తుకుని.

స్వామి మీ ఇళ్ళన్నీ చల్లగా చూడాలి. ఇంటికెళ్ళాక పిల్లల తలలు మాత్రం మీరే చూసుకోండమ్మా, చెవుల వెనక కూడా.