కొమురవ్వ కాల్చిన కత్తి

అనగనగా, తాటివనాల నడుమ దాగుడుమూతలాడే ఊరొకటి ఉండేది. ఆ ఊళ్ళో కల్లు గీసే బక్కయ్య, అతని భార్య కొమురవ్వ కాపురం ఉండేవారు. బక్కయ్య రోజూ తాటిచెట్టెక్కి, పూగెల కొసను కత్తితో పలచగా చెక్కి, కుండ కట్టి దిగేవాడు.

ఒకనాడు అతని కత్తి అరిగి అరిగి విరిగింది. ఊరి కమ్మరేమో గుర్రాలకు నాడాలు కొట్టడానికి రాజుగారి దండు వెంట వెళ్ళిపోయాడు. రోజూ గీయకపోతే చెట్టు ధార ఎండిపోతుంది. అలాగని నాసిరకం కత్తితో ఎక్కితే ప్రాణానికే మోసం. బక్కయ్య తండ్రి అలాగే, చెట్టు తల మీది కొప్పున ఉండగా కత్తి విరిగి పట్టు తప్పి, పడి చనిపోయాడు.

కత్తి నేను చేస్తానంది కొమురవ్వ. కొలిమి మొహం ఎరగనిదానివి, నీకెందుకే ఈ తంటా అన్నాడు బక్కయ్య. ఆవిడ వింటేనా!

కమ్మరి భార్యనడిగి కొలిమి రాజేసింది. ఇనుమును అరగదీసే ఉక్కు ఆకురాయి ఒకటి అరిగిపోయి పడి ఉంటే, దాన్ని కాల్చి, కొట్టి, కత్తిగా సాగదీసింది. ఎంత కాలిస్తే అంత గట్టి అనుకుని, తెల్లగా మెరిసేదాకా కాల్చి నీళ్ళలో ముంచింది. టిక్కుమంది. కత్తి నిలువునా పగిలింది.

రెండోసారి ఒళ్ళు దగ్గర పెట్టుకుంది. దొండపండు ఎరుపు రాగానే తీసి ఆముదంలో ముంచింది. గుప్పున పొగ లేచింది, కత్తి మాత్రం పగల్లేదు. మరో ఆకురాయితో గీకితే గీత పడక జారిపోయింది, అంత గట్టిపడింది! ఊరంతా వచ్చి చూసి ముక్కున వేలేసుకుంది. బక్కయ్య మురిసిపోయి, కత్తి నడుముకు దోపుకుని చెట్టు దగ్గరికి నడిచాడు.

పొగడ్త ఎవరికి చేదు? కానీ కొమురవ్వకు మామగారు పడ్డ రోజు కళ్ళముందు ఆడింది. గబగబా వెళ్ళి కత్తి లాక్కుని, అందరి ముందూ చెట్టు మొదట్లో ఒక్క దెబ్బ వేసింది. కత్తి గాజులా పుటుక్కున విరిగింది.

బక్కయ్య విరిగిన ముక్కను చూశాడు, తలెత్తి చెట్టు కొప్పును చూశాడు.

కొమురవ్వకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే ఆలోచించింది. అప్పుడు గుర్తొచ్చింది: కమ్మరి, ముంచి తీసిన కొడవలిని మళ్ళీ నిప్పుల అంచున పెట్టేవాడు. తడి ఆరబెడుతున్నాడని ఊరంతా అనుకునేది.

"ఆయన ఆరబెట్టలేదయ్యా," అంది మొగుడితో. "అసలు పని అప్పుడే చేశాడు. సన్నటి సెగతో ఇనుము పెళుసు పోగొట్టాడు."

మూడో కత్తిని కాల్చి, ముంచి, తళతళలాడేలా తోమింది. కత్తి వెన్నును, అంటే పదును లేని వైపును, నిప్పులవైపు పెట్టి, సన్నటి సెగన ఉంచి కూర్చుంది. కాసేపటికి తెల్లటి ఇనుము మీద ఎండుగడ్డి రంగు పుట్టింది. అది మెల్లగా అంచువైపు నడిచింది. దాని వెనకే తేనెరంగు, ఆ వెనక నేరేడుపండు రంగు, ఆ వెనక నెమలిమెడ నీలం! ఇనుము కడుపులో ఇన్ని రంగులు దాగున్నాయా తల్లీ అని కొమురవ్వ అప్రయత్నంగా చేతులు జోడించింది. గడ్డిరంగు అంచును తాకగానే, ఇంకా కాగితే పదును మెత్తబడుతుందని కత్తిని తీసి పక్కన పెట్టింది.

చల్లారాక చెట్టు మొదట్లో కొట్టింది, ఒకటికి పదిసార్లు. కత్తి ఖంగుమంది తప్ప చెక్కు చెదరలేదు. అప్పుడిచ్చింది మొగుడి చేతికి.

బక్కయ్య ఎక్కాడు. దిగేదాకా కొమురవ్వ రెప్ప వాల్చలేదు. దిగినవాడు కత్తిని కళ్ళకద్దుకుని, "మా నాయనకు నీలాంటి మనిషి దొరికుంటే బతికుండేవాడే," అన్నాడు.

కాబట్టి పిల్లలూ, పదిమంది మెచ్చారని పని అయిపోయినట్టు కాదు. మన చేతి పని మీద ఇంకొకరి ప్రాణం ఆధారపడితే, దాన్ని ముందు మనమే పరీక్షించి చూసుకోవాలి.